అందరి ఎముకలూ ఒక్కటే

 

పోయిన నెల ఒక ఆదివారం మన దోస్తు ఒకని తాత హాస్టల్‌కు వచ్చిండు. నడుము వంగి, మోకాళ్లు వంకరపోయి, మెడ తిరగక ఒళ్లంతా తిప్పి చూస్తుండె. మనలో కొందరు ఆ నడక నడిచి చూపించి నవ్విండ్రు. నేనూ నవ్వినాను. ఆ రాత్రి మన దోస్తు అన్నం తినలేదు, పళ్లెం ముందర ఊకనే కూర్చున్నడు. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఆ తాతది ఫ్లోరోసిస్. మన నల్గొండ నేల కింద గ్రానైట్ రాయి ఉన్నది. రాతిలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో ఈ జబ్బును 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించినారు.

ఫ్లోరైడ్ పోయి కాల్షియంను పట్టుకుంటది. కాల్షియం ఉండేది పండ్లలో, ఎముకలలో. చిన్నతనాన పండ్లు తయారయ్యేటప్పుడు ఆ నీళ్లు తాగితే పండ్ల మీద మచ్చలు, గీతలు పడతాయి. ఏండ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్నెముక బిగుసుకుపోతాయి. వంగిన ఎముకను మందులు నిటారు చేయలేవు. ఇది అంటురోగం కాదు, ఎవరి పాపమూ కాదు.

ఇది చదివిన నాడు అద్దంల నా పండ్లు చూసుకున్నాను. ముందుపండు మీద పచ్చగీత ఉన్నది. చిన్నప్పుడు తండా బోరు నీళ్లు తాగినవాణ్ణే నేను. మా యాడి పొద్దున నేల మీద చెయ్యి ఆనించి లేస్తది. నేను ఎవరిని చూసి నవ్విన్నో అప్పుడు తెలిసింది. తాత ఆ నీళ్లు కోరి తాగలేదు. దూపైతే ఉన్న నీళ్లే తాగిండు. దూప అందరికీ అయితది.

మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశాల స్వామి గారు ఈ జబ్బుతో ఒళ్లు వంకరపోయినా, అందరి మంచినీళ్ల కోసం పోరాడినారు. 2023 జనవరిలో కన్నుమూసినారు. నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, తేర్చి, వడగట్టే పద్ధతిని తెచ్చినారు. దాని పేరే ‘నల్గొండ పద్ధతి’. తర్వాత కృష్ణా నీళ్లు, మిషన్ భగీరథ నల్లాలు వచ్చినవి. నీళ్లు మారినవి గాని తాత ఎముకలు మారలేదు.

మనం చేయవలసినవి:
1. అట్లాంటివారు వస్తే కుర్చీ వేయవలెను. నేల మీద కూర్చోలేరు.
2. ఎదురుగా నిలబడి మాట్లాడవలెను. వారి మెడ తిరగదు.
3. నడకకు, పండ్లకు పేర్లు పెట్టరాదు.
4. పరీక్ష చేయని బోరు నీళ్లు తాగరాదు. కాచినా ఫ్లోరైడ్ పోదు.
5. పాలు, ఆకుకూరలు, ఉసిరికాయలు తినవలెను.

మన దోస్తు ముందర నా తప్పు ఒప్పుకున్నాను. వాడు ఏమీ అనలేదు. కాని తెల్లారి అన్నం కాడ పక్కన జాగ ఇచ్చిండు. వచ్చే ఆదివారం తాత మళ్లీ వస్తడట. గేటు కాడ సంచి నేను అందుకుంటాను. కుర్చీ మీరు తెండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి, 9వ తరగతి