అయాన్ల కొలతలో నిర్దేశ ఎలక్ట్రోడు

బావినీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో కొలవడానికి మనం మిల్లీవోల్టు మీటరుకు రెండు ఎలక్ట్రోడులు తగిలిస్తాము. మొదటిది ఫ్లోరైడు ఎలక్ట్రోడు. లాంథనమ్ ఫ్లోరైడు స్ఫటికంతో పనిచేసే ఈ సాధనాన్ని ఫ్రాంట్, రాస్ అనే శాస్త్రజ్ఞులు 1966లో వెల్లడించారు. వెల ఎక్కువ గనుక విద్యార్థులు దానిని పసిపిల్లను ఎత్తుకున్నట్లు పట్టుకుంటారు. రెండవది నిర్దేశ ఎలక్ట్రోడు. దానిని పట్టించుకొనేవారు తక్కువ. అయినా కొలత తప్పిన రోజున దోషం తరచు ఆ రెండవదానిదేనని మా అనుభవం.

మీటరు చూపేది ఏ ఒక్క ఎలక్ట్రోడు పొటెన్షియల్‌నో కాదు, రెండింటి మధ్య గల భేదాన్ని. అయాన్ గాఢతను బట్టి మొదటిది మారవలెను. రెండవది ఏ ద్రావణంలో ముంచినా కదలక నిలవవలెను. మన ఉర్దూ విద్యార్థులు రెఫరెన్సు అన్న మాటను 'హవాలా' అంటారు. దేనిని ఆధారంగా చూపి మాట్లాడుతున్నామో అది హవాలా. ఆధారమే జరిగిపోతే చెప్పిన మాట నిలవదు గదా!

ఎంత జరిగితే ఎంత తప్పు? 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఏకసంయోజక అయాన్ గాఢత పదిరెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టుల మార్పు వస్తుంది. ఈ లెక్కన ఒక్క మిల్లీవోల్టు పొరపాటు గాఢతలో దాదాపు 4 శాతం పొరపాటు అవుతుంది. కాల్షియం వంటి ద్విసంయోజక అయాన్లకైతే 8 శాతం. నిర్దేశ ఎలక్ట్రోడు 10 మిల్లీవోల్టులు జరిగినదనుకొందాము. అది జరిగిన దిక్కును బట్టి, లీటరుకు 2.2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీరు మన పుస్తకంలో 1.5గా నమోదు కావచ్చును. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ 1.0ని వాంఛనీయ పరిమితిగాను, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5ని గరిష్ఠ పరిమితిగాను నిర్ణయించినది. అనగా తాగరాని నీటికి తాగవచ్చునని మనమే చీటీ వ్రాసి ఇచ్చినట్లగును. నల్లగొండ గ్రామాలలో పళ్ళపై గోధుమరంగు చారలు, వంగిన ఎముకలు చూచినవారికి ఆ చీటీ బరువు ఎంతో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఎంపిక. పూర్వం కాలొమెల్ ఎలక్ట్రోడు విరివిగా వాడేవారు. అందులో పాదరసం ఉన్నది. ఉష్ణోగ్రత మారినప్పుడు అది త్వరగా స్థిమితపడదు. మన వేసవి గదులకు వెండి–సిల్వర్ క్లోరైడు ఎలక్ట్రోడే మేలు. లోపల పూరక ద్రావణంగా పొటాషియం క్లోరైడు ఉంటుంది. పొటాషియం, క్లోరైడు అయాన్ల చలనశీలత దాదాపు సమానం గనుక, పూరక ద్రావణం నమూనాను కలిసే సంధి వద్ద పుట్టే అదనపు పొటెన్షియల్ స్వల్పంగా ఉంటుంది.

అయితే ఈ ద్రావణం సంధి గుండా కొద్ది కొద్దిగా నమూనాలోకి కారుతూనే ఉంటుంది. కారవలెను కూడా. ఫ్లోరైడు కొలతకు దీనివల్ల చిక్కు లేదు, క్లోరైడు ఆ స్ఫటికాన్ని బాధించదు. కాని పొటాషియమునే కొలవదలచినప్పుడు పొటాషియం కారితే? కొలిచేది నమూనానా, మనం పోసినదానినా? అటువంటి పనికి రెండు సంధుల ఎలక్ట్రోడు తీసుకొని, వెలుపలి గదిలో వేరే ద్రావణం నింపవలెను. పొటాషియమునకు లిథియం ఎసిటేటు, నైట్రేటుకు అమ్మోనియం సల్ఫేటు, క్లోరైడుకు, వెండికి పొటాషియం నైట్రేటు తగినవి. వెండి అయాన్లున్న ద్రావణంలో మామూలు ఎలక్ట్రోడును ముంచితే సంధిలోనే సిల్వర్ క్లోరైడు అవక్షేపం ఏర్పడి దారి మూసుకొనిపోతుంది. వెలుపలి గదిలో ఏమున్నదో ఎలక్ట్రోడుకే ఒక చీటీ అంటించి వ్రాయడం మంచిది. జ్ఞాపకం మీద ఆధారపడరాదు.

సంరక్షణ విషయంలో మా తప్పునే ఉదాహరిస్తాము. ఒకసారి ఉదయం ప్రామాణిక ద్రావణాలతో అంశాంకనం చేసి, మధ్యాహ్నం దాకా బావినీళ్ళు కొలిచాము. సాయంత్రం అదే ప్రామాణిక ద్రావణాన్ని తిరిగి ముంచితే తొమ్మిది మిల్లీవోల్టుల తేడా కనిపించినది. నింద మొదట ఫ్లోరైడు స్ఫటికంపై వేసి, దానిని కడిగి, తుడిచి, మరల ముంచి గంట గడిపాము. ఫలితం లేదు. చివరికి ఒక విద్యార్థిని నిర్దేశ ఎలక్ట్రోడు పక్కనున్న చిన్న రబ్బరు బిరడా చూపి, "ఇది తీయవలసినది కాదా, సార్?" అని అడిగినది. బిరడా మూసి ఉన్నందున గాలి చొరక, పూరక ద్రావణం కారడం ఆగిపోయినది. ఆనాటి కొలతలన్నీ కొట్టివేసి, మరునాడు తిరిగి చేశాము.

కావున కొలిచేటప్పుడు బిరడా తెరవవలెను, దాచేటప్పుడు మూయవలెను. లోపలి ద్రావణం మట్టం నమూనా మట్టానికి పైన ఉండవలెను, లేకున్న నమూనాయే లోనికి చొరబడును. ఎలక్ట్రోడును స్వేదనజలంలో దాచరాదు. పొటాషియం క్లోరైడు ద్రావణంలో దాచవలెను. సంతృప్త ద్రావణం చలి రాత్రులలో స్ఫటికాలు కట్టి సంధిని బిగిస్తుంది గనుక, వీలైనచోట లీటరుకు మూడు మోలుల ద్రావణం వాడడం మా అలవాటు. స్ఫటికాలు పట్టిన కొనను గోరువెచ్చని పలుచని పొటాషియం క్లోరైడులో కొంతసేపు ఉంచితే చాలావరకు కరుగుతాయి. సిల్వర్ క్లోరైడు పట్టితే కొనను మాత్రం పలుచని అమ్మోనియాలో కొద్దిసేపు ముంచి, బాగా కడిగి, పూరక ద్రావణం మార్చవలెను.

నమూనాలకు, ప్రామాణికాలకు సమభాగంగా కలిపే టిసాబ్ ద్రావణం కూడ ఈ సంధికి మేలు చేస్తుంది. పి.హెచ్.ను 5 నుండి 5.5 మధ్య నిలిపి, ఇనుము, అల్యూమినియం బంధించిన ఫ్లోరైడును విడిపించడం దాని ప్రధాన కార్యం. అందులోని ఉప్పు వల్ల అన్ని ద్రావణాల అయానిక బలం ఇంచుమించు ఒక్కటై, సంధి పొటెన్షియల్ కూడ అన్నింటిలో ఒకే తీరుగా ఉంటుంది.

అనుమానం కలిగినప్పుడు తీర్పు సులభం. అదే రకపు నిర్దేశ ఎలక్ట్రోడు మరొకటి, నిత్యం వాడనిది, బీరువాలో ఉంచవలెను. రెండింటిని ఒకే పొటాషియం క్లోరైడు ద్రావణంలో ముంచి, మీటరుకు చెరొకవైపు తగిలించవలెను. భేదం సున్నాకు దగ్గరగా, నిలకడగా ఉంటే మంచిదే. ఐదు మిల్లీవోల్టులు దాటినా, కలియబెట్టినప్పుడెల్లా ముల్లు ఊగినా, వాడుకలో ఉన్నదానిని శుభ్రపరచవలెను. అప్పటికీ మారకపోతే కొత్తది తెప్పించవలెను. మేము ప్రతి సోమవారం ఈ భేదాన్ని తేదీతో సహా రిజిస్టరులో వ్రాయిస్తున్నాము. ఆ బిరడా చూపిన విద్యార్థినికే మొదటి ఏడాది ఆ రిజిస్టరును అప్పగించాము.