రేపల్లె: పట్టాలు ముగియుచోటు

తెనాలినుండి బయలుదేరిన రైలుబండి వేమూరు, భట్టిప్రోలు, పల్లికోనలను దాటి, సుమారు 34 కిలోమీటర్లు నడచి రేపల్లెలో నిలిచిపోవును. అటుపైని పట్టాలు లేవు. తూర్పున పెనుమూడియొద్ద కృష్ణానది యడ్డము. దక్షిణమున నిజాంపట్టణము, దాని కావల సముద్రము. ఇట్లు దారి చివర నున్న యూరిలో పండిన ధాన్యమునకు ధర యెట్లు తెగునో మన సంఘ సభ్యులు తెలిసికొనదగియున్నది.

ఈ సీమకు మొదటి మంచి దారి నీటిదారియే. 1832-33 సంవత్సరముల కరవులో గుంటూరు మండలమున జనులు విశేషముగా నశించిరి. పిమ్మట బెజవాడయొద్ద ఆనకట్ట 1855లో పూర్తికాగా, కాలువలు పొలమునకు నీరును, పడవకు బాటను గూడ నిచ్చినవి. కొమ్మమూరు కాలువ మీదుగా బకింగుహాము కాలువలో బ్రవేశించి సరకు చెన్నపట్టణమువరకు బోయెడిది. అయితే పడవ ప్రయాణము మిక్కిలి మందము. లాకు లాకుకును నిలిచి, తలుపులు మూసి, నీరు సమమగువరకు వేచియుండవలెను. వేసవిలో కాలువలు కట్టివేసినచో పడవలు గట్టుననే యుండెడివి. (దారుల కొరకు మనవారు చేసిన నష్టము నొకటి చెప్పక తప్పదు: భట్టిప్రోలు బౌద్ధస్తూపమును గూల్చి దాని యిటుకలను బాటకును, రాళ్లను కాలువ కట్టడమునకును వాడిరి. బాట కావలసినదే గాని యంత వెల కాదు.)

1916లో రేపల్లెకు రైలు వచ్చెను. రైలు వేగముగలదే యైనను, వాగను నింపుట యొక చిన్న రైతుకు శక్యము గాదు. నింపగలవాడు వర్తకుడు. కావున దారి దగ్గరయైన లాభములో పెద్దపాలు వానిదే యయ్యెను.

ఈ శతాబ్దమున పెనుమూడి-పులిగడ్డ వంతెన పడినది. పూర్వము పడవలపై దాటిన నదిని నేడు లారీ దాటి అవనిగడ్డ, బందరులకు బోవుచున్నది. 216వ జాతీయ రహదారియు నిటనే పోవును. అనగా రైలుకు చివరి యూరు రోడ్డుకు నడిమి యూరైనది. ఒక చిత్రము మిగిలినది: 2022 ఏప్రిలు 4న రేపల్లె బాపట్ల జిల్లాలో జేరినను, రైలుపై బాపట్లకు బోవలెనన్న తెనాలికి బోయి మరలవలసినదే.

ఇక లెక్క. ఊహకై చెప్పుదును. 75 కిలోల బస్తాకు కళ్లమునొద్ద 1,700 రూపాయలు, దూరపు మిల్లునొద్ద 1,790 రూపాయలు పలుకుచున్నవనుకొందము. లారీ బాడుగ ఎన్ని బస్తాలెత్తినను 3,000. కూలి బస్తాకు 10. ఒక రైతు 30 బస్తాలు తోలినచో బస్తాకు ఖర్చు 110 రూపాయలు. తొంబది యెక్కువ వచ్చినను ఇరువది నష్టము. ముగ్గురు నలుగురు కలిసి నూరు బస్తాలు తోలినచో ఖర్చు 40 మాత్రమే. బస్తాకు 50 రూపాయలు మిగులును. ధర మారలేదు, దారి మారలేదు.

కలిసి తోలుటలో చిక్కు తేమ. ఒకని ధాన్యము పచ్చిదైన మిల్లువాడు బండికంతటికిని ధర తగ్గించును. కావున ఎత్తుటకు ముందే యెవరి బస్తాలు వారివిగా గుర్తు వేసి, తూచి, తేమ వేరువేరుగా చూపి, తరుగు ఎవరిదో వారి ఖాతాలోనే వ్రాయవలెను.