ఒక్క ఛాయాచిత్రమే ఏల ఆకర్షించును?

ప్రశ్న: మా ఇంట అందమైన చిత్రములెన్నో ఉన్నను, తాతగారి పెట్టెలో దొరికిన పాతఫొటో దగ్గరనే నా చూపు ఆగుచున్నది. ఎవరో రైతు, గోడకానించిన చంద్రిక (పట్టుపురుగులు గూళ్లు అల్లు వెదురు తట్ట) ప్రక్కన నిలిచియున్నాడు. కారణమేమి?
— ఒక పాఠకురాలు, శాంతిపురం

జవాబు: అమ్మా, ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1980లో ప్రకటించిన 'కెమెరా లూసిడా' అను గ్రంథము మీకు మంచి దారి చూపగలదు. ఛాయాచిత్రమునందు అందరికిని బోధపడు దేశకాల విషయమొకటియు, చూచు ఒక్కనిని మాత్రమే ముల్లువలె గ్రుచ్చు చిన్న వివరమొకటియు ఉండవచ్చుననియు, ఈ రెండవదానిని ఛాయాగ్రాహకుడు కోరి అమర్చలేడనియు ఆయన వాదించెను. 1977లో తల్లి గతించిన పిమ్మట, పాత చిత్రములలో ఆమెను వెదకి వెదకి, తుదకు ఆమె అయిదేండ్ల ప్రాయమునాటి ఫొటోలో ఆమె స్వభావమును గుర్తించి, ఇతరులకది సామాన్యచిత్రమే యగునని తలంచి, దానిని గ్రంథమున ముద్రింపనే లేదు. ఆ నిర్ణయము నాకు మిక్కిలి సత్యముగా తోచును.

మిమ్ము పట్టి నిలిపినది రైతు ముఖము కాదు, ఆ చంద్రికయే యని నా యూహ. పట్టుపురుగులు వెదురు చంద్రికపై గూళ్లు అల్లు దినములలో, మల్బరీ ఆకు వాసన నిండిన యింట మీ బాల్యము గడచినదేమో స్మరింపుడు. నిజాము ఆస్థానమున రాజా దీనదయాళు తీసిన చిత్రములు ఎంతటి నేర్పు గలవి! వానిని మెచ్చుకొందుము; ఇట్టి ఫొటో ముందు మాత్రము కదలలేము. దానిని మీ తల్లిగారికి చూపి అడుగుడు. వారు చెప్పిన సంగతులను ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతోనే వ్రాయుడు. సిరా ముందువైపునకు ఊరును.