సుద్దులు చెప్పని చోటు

ఏమ్మా చెల్లీ, ఒక మాట అడుగుతా, దాచకుండా చెప్పు. ఎవరన్నా నిన్ను 'మనసు డాక్టరు దగ్గరికి పో' అంటే నీకు మొదట ఏమనిపిస్తుంది? 'నాకేమన్నా పిచ్చా?' అని. తర్వాత, 'పోతే మాత్రం ఏముంది, నాలుగు సుద్దులు చెప్పి పంపుతారు' అని. మొదటిదానికి జవాబు నీకూ తెలుసు. రెండోదాని గురించే ఈసారి ముచ్చట.

సుద్దులకు మనకేం కరువు? వానలకే కరువు. మొగుడు తాగొచ్చి కొడితే సర్దుకుపొమ్మనే పెద్దమనుషులు, కడుపు పండకపోతే నోములు చెప్పే అత్తలు, ఆలుమగలిద్దరినీ కూర్చోబెట్టి అరగంటలో రాజీ రాయించి దాన్నే కౌన్సెలింగ్ అనేవాళ్ళు. ఎవరు చెప్పినా సారం ఒకటే: తప్పు నీది, మారాల్సింది నువ్వు. మంచి సైకోథెరపీ, అంటే మనసుకు చేసే వైద్యం, అక్కడ మొదలు కాదు. 'నువ్వు చెప్పేది నమ్ముతున్నా, నువ్వు ఇట్లా ఉండటంలో తప్పేమీ లేదు, ఇక నీ బాధ సంగతి చూద్దాం' అనే దగ్గర మొదలవుతుంది. అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే ఆయన 1950లలోనే ఈ ఒక్క మాట మీద ఒక పద్ధతిని నిలబెట్టినాడు. ఎదుటి మనిషిని షరతులు లేకుండా ఒప్పుకో, మిగతాదంతా ఆ తర్వాతే అన్నాడు.

ఒప్పుకోవడం అంటే పొగుడుతూ కూర్చోవడం కాదులే. పని ఉంటుంది, లెక్కగా ఉంటుంది. ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన సీబీటీ అనే పద్ధతి చూడు. నీ మొగుడు బెంగళూరులో బిల్డింగు పనికి పోయినాడు, రెండు రోజులుగా ఫోను లేదు. 'నన్ను వదిలేసినాడు, నాకు విలువ లేదు' అనిపించి అన్నం పోదు, నిద్ర రాదు. ఆ తలపును ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టిస్తారు. దానికి రుజువేంది, ఎదురు రుజువేంది? చార్జింగు లేదేమో, రాత్రి షిఫ్టేమో. నిజంగానే పట్టించుకోవడం లేదేమో, అప్పుడు ఏం చేద్దాం? ఇట్లా వారం వారం. నోరు విప్పి చెప్పుకోగలిగినవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది.

నోరే పెగలని మనిషి సంగతేంది మరి? అప్పు చేసి శెనక్కాయ వేసి, పైరు ఎండి, ఇంటాయన పురుగుమందు తాగి పోయిన ఇల్లు మన అనంతపురం జిల్లాలో ఎవరికి తెలియదు? ఆ ఇంటి ఆడమనిషిని 'నీకెట్లా ఉందమ్మా' అంటే 'ఏం ఉంటుందిలేక్కా' అంటుంది, అంతే. అట్లాంటి చోట బొమ్మ, కుట్టు, పాట, ఆట పనికొస్తాయి. కాలక్షేపానికి కాదు, మాటకు దారి వేయడానికి.

ఒకటి వివరంగా చెప్తా, నాకు బాగా నచ్చింది. దాన్ని 'జీవవృక్షం' అనుకో. ఆఫ్రికా దక్షిణ దేశాల్లో అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లల కోసం న్కజెలో న్కూబే, డేవిడ్ డెన్‌బరో అనే ఇద్దరు తయారుచేసినారు. ఒక చెట్టు గీయమంటారు. వేర్ల దగ్గర నువ్వు ఎక్కడినుంచి వచ్చినావో, నిన్ను పెంచిందెవరో రాస్తావు. నేల మీద నీ రోజువారీ బతుకు. మాను మీద నీకు చేతనైనవి. కొమ్మల మీద ఆశలు. ఆకులు నీకు ముఖ్యమైన మనుషులు, పోయినవాళ్ళు కూడా. కాయలు నీకు ఇతరులు ఇచ్చినవి. అందరి చెట్లూ గోడకు అతికించి, ఇది మన అడవి అంటారు. అప్పుడు గానీ గాలివానల ఊసు ఎత్తరు! కష్టాన్ని ముందు అడగరు చూడు, అదే ఇందులో కిటుకు. మనిషికి నిలబడడానికి కాస్త చోటు దొరికినాకే గాయం దగ్గరికి పోతారు. చదువు రానివాళ్ళు రాయనక్కర్లేదు, గుర్తులు గీస్తే చాలు. బొమ్మ బాగుందా లేదా అని ఎవరూ చూడరు. 'ఈ కొమ్మ విరిగిందే, అంటే నీకు ఫలానా జబ్బు' అని సోది చెప్పినట్టు చెప్పే థెరపిస్టు దొరికితే లేచి వచ్చేయ్. అర్థం చెప్పాల్సింది గీసిన మనిషే.

ఇక కుట్టు. నైటీలు కుట్టే ఊరివాళ్ళం, మనకు పీలికలకు కొదవా? దక్షిణ అమెరికాలో చిలీ అనే దేశంలో 1973లో సైన్యం గద్దెనెక్కింది. వేలమందిని పట్టుకుపోయినారు, ఎంతోమంది మళ్ళీ ఇంటికి రాలేదు. వాళ్ళ భార్యలు, తల్లులు చర్చి నీడన ఒకచోట చేరి, గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలతో బొమ్మలు కుట్టినారు. జైలు గోడ, ఖాళీ కుర్చీ, పొయ్యి చుట్టూ ఆడవాళ్ళు. అట్లాంటి బట్టబొమ్మలను ఆర్పిల్యేరా అంటారు. నోటితో అంటే ప్రాణం పోయే రోజుల్లో సూదితో చెప్పుకున్నారు. విదేశాల్లో అమ్ముడుపోయి నాలుగు పైసలూ వచ్చినాయి.

'అయితే అక్కా, పొద్దస్తమానం మిషను తొక్కుతున్నా, నాకెందుకు మనసు బాగుపడలేదు?' అంటావు. డజనుకు ఇంత అని కూలికి కుట్టేది వేరు తల్లీ. అక్కడ కొలత ఇంకొకరిది, తొందర ఇంకొకరిది. కుట్టిందాంట్లో నీ సంగతి ఉండి, పక్కన వినే మనిషి ఉంటేనే ఇది వైద్యం అవుతుంది. బజారులో రంగులేసే పుస్తకం కొనుక్కుంటే చాలు, దిగులు పోతుందనే ప్రచారం కూడా నేను నమ్మను.

మాట, చేతిపని రెండూ కలిసిన చోటు చూడాలంటే జింబాబ్వే. అక్కడ డాక్టరు డిక్సన్ చిబండా వైద్యం చేసిన ఒకమ్మాయి ఆస్పత్రికి రావడానికి బస్సు చార్జీ లేక ఆగిపోయి, చివరికి ప్రాణం తీసుకుంది. ఆస్పత్రే మనిషి దగ్గరికి పోవాలని ఆయన 2006లో హరారేలో పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్ బయట బెంచీల మీద కూర్చోబెట్టినాడు. అవ్వలు చేసేది ఊసుపోని కబుర్లు కాదు. కష్టాలు వరసగా రాయించి, అందులో ఒకటి ఎంచుకుని, దానికి చేయగలిగిన పని తేల్చే పద్ధతి. అది ముగిసినాక ఆడవాళ్ళంతా గుంపుగా కూర్చుని, పారేసిన ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు. 2016లో అచ్చైన అధ్యయనంలో, ఆరు నెలలకు బెంచీ దగ్గరికి వచ్చినవాళ్ళలో 14 శాతంలోపు మందికే డిప్రెషన్ లక్షణాలు ఉన్నాయి. మామూలు వైద్యం అందినవాళ్ళలో దాదాపు 50 శాతం మందికి ఉన్నాయి. మన పొదుపు సంఘాలు ఉండనే ఉన్నాయి, వారానికోసారి కూర్చోనే కూర్చుంటారు. అప్పు వాయిదాల లెక్క అయ్యాక ఒక గంట దీనికి ఎందుకు ఇవ్వకూడదో నాకైతే అర్థం కాదు.

ఇప్పుడు కొంచెం నెమ్మదిగా చెప్పాల్సిన సంగతి. నీ కొడుకుకు ఆడపిల్లల మీద మనసు పోవడం లేదనుకో, లేదా నీ బిడ్డ 'నేను అబ్బాయిని కాదమ్మా, లోపల అమ్మాయిని' అన్నదనుకో. అప్పుడు ఊరంతా వైద్యులే. పెళ్ళి చేస్తే సరిపోతుందంటారు, తాయెత్తు కట్టమంటారు, కరెంటు పెట్టి మారుస్తామనే ఘనులూ ఉన్నారు. వినొద్దు. మగవాడికి మగవాడి మీద, ఆడదానికి ఆడదాని మీద మనసు పోవడం జబ్బు కాదని అమెరికా మానసిక వైద్యులు 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తేల్చేసినారు. మన సుప్రీంకోర్టు హిజ్రాలను, ట్రాన్స్ మనుషులను 2014లో గుర్తించింది, ఇట్లాంటి ప్రేమను నేరంగా చూసిన 377 సెక్షన్ కోరలు 2018 సెప్టెంబరు 6న పీకింది. ఇష్టపడి ఒకటైన ఇద్దరు అమ్మాయిల కేసు మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ముందుకు వచ్చినప్పుడు ఆయన ఏం చేసినాడో తెలుసా? ఈ విషయం తనకు సరిగ్గా తెలియదని ఒప్పుకుని, తానే సైకాలజిస్టు దగ్గరికి పోయి కూర్చుని నేర్చుకున్నాడు. ఆ తర్వాత 2021 జూన్ 7న, ఇట్లాంటివాళ్ళను 'మార్చే' వైద్యాలు చేయకూడదని ఉత్తర్వు ఇచ్చినాడు. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ కూడా ఆ పని చేయడం డాక్టరుకు తప్పు నడవడి అని చెప్పేసింది. జడ్జికే నామోషీ కాలేదు, తల్లికి ఎందుకు?

అట్లాంటి బిడ్డలకు బొమ్మ, కథ, వేషం ఇంకా అక్కరకు వస్తాయి. ఇంట్లో పలకలేని పేరుతో ఒక పాత్ర రాసుకోవచ్చు, ఆ పాత్ర అమ్మతో ఏం అంటుందో ఆడి చూపించవచ్చు. వేషం కట్టి మనసులోది ఆడించే సైకోడ్రామాను వియన్నాలో మొదలుపెట్టింది మొరెనో అనే డాక్టరు, నూరేళ్ళ కిందటి మాట. మన పల్లెల్లో బయలు నాటకం ఆడినవాళ్ళకు ఇదేం కొత్త?

ఒక జాగ్రత్త. చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించినా, రోజుల తరబడి నిద్ర లేక ఉరుకులు పెడుతున్నా, చావు మాటలు వస్తున్నా బొమ్మలు గీయిస్తూ కూర్చోకూడదు. మందులు కావాలి, మానసిక వైద్యుడు కావాలి, ఆ తర్వాతే మిగతావి. పురుగుమందు తాగినవాళ్ళను కేసవుతుందని భయపడి ఇంట్లో దాచుకునే రోజులు పోయినాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్ష ఉండదు. వెంటనే ఆస్పత్రికి ఎత్తుకుపోవాలి.

ఈ పద్ధతులు నేర్చినవాళ్ళు ఎక్కువమంది బెంగళూరు, హైదరాబాదుల్లోనే ఉన్నారు, అది నిజమే. కానీ ఫోను ఉంది కదా. 14416 టెలిమానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలంటే అనంతపురం పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. థెరపిస్టు దగ్గరికి పోతే సిగ్గుపడకుండా ముందే అడుగు: నా మాట బయటికి పోతుందా, ఏ పద్ధతి చేస్తారు, ఎన్ని వారాలు, నాకు గీయడం ఇష్టం లేకపోతే ఏం చేస్తారు? నీ బిడ్డ కోసం అయితే ఇంకో ప్రశ్న కలుపు: మీరు నా బిడ్డను మార్చాలని చూస్తారా? 'చూద్దాం' అని నసిగితే ఇంకొకరిని వెతుక్కో.

మొదటిసారి పోయేటప్పుడు నన్నో, మీ అక్కనో తోడు తీసుకుపో. లోపలికి మాత్రం ఒక్కదానివే పో.