తెలిసిన మాటతో తెలియని విషయం – నండూరి రామమోహనరావు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• నండూరి రచనలను వర్గాలుగా విభజించి చెప్పగలుగుతారు.
• కఠినమైన విషయాన్ని సులభంగా చెప్పే ఒక పద్ధతిని గుర్తించగలుగుతారు.
• ‘నరావతారం’ అనే పదాన్ని విడదీసి, సంధి పేరు చెప్పగలుగుతారు.

పరిచయం

చదువు మధ్యలో ఆగిపోయినవారికి తరచుగా ఒక సందేహం కలుగుతుంది. “నక్షత్రాలు, జీవపరిణామం, తత్త్వశాస్త్రం – ఇవన్నీ కాలేజీలో చదివినవారికే గదా, మనకెందుకు?” అని. అలాంటి పాఠకులకు కూడా అందేలా పుస్తకాలు రాసిన రచయిత నండూరి రామమోహనరావు (1927–2011).

పత్రికా రచయిత

ఆయన అప్పటి కృష్ణా జిల్లాలోని విస్సన్నపేటలో జన్మించారు. మొదట ఆంధ్రపత్రికలోను, తరవాత ఆంధ్రజ్యోతిలోను పనిచేశారు. 1994 వరకు ఆంధ్రజ్యోతి దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. దినపత్రికను పండితులూ చదువుతారు, కూడబలుక్కుని చదివేవారూ చదువుతారు. అందరికీ అర్థమయ్యేలా రాయడం ఆ వృత్తికి అవసరం.

పిల్లల కోసం

మార్క్ ట్వేన్ రాసిన టామ్ సాయర్, హకల్‌బెరీ ఫిన్ కథలను ఆయన తెలుగు చేశారు. ట్వేన్ మరో నవలను ‘రాజు–పేద’గా, స్టీవెన్సన్ రాసిన నిధివేట కథను ‘కాంచనద్వీపం’గా అందించారు. ‘హరివిల్లు’ పిల్లల గేయాల పుస్తకం.

పెద్దల కోసం

‘విశ్వరూపం’ ఖగోళశాస్త్రం గురించి, ‘నరావతారం’ జీవపరిణామం గురించి, ‘విశ్వదర్శనం’ పాశ్చాత్య, భారతీయ తత్త్వచింతన గురించి చెబుతాయి.

ఈ పేర్లను మళ్ళీ చదవండి. ‘విశ్వరూపం’, ‘అవతారం’ మనం హరికథలలో, పురాణ కాలక్షేపాలలో విన్న మాటలే. పురాణంలో అవతారమంటే దేవుడు భూమికి దిగిరావడం. ‘నరావతారం’లోని కథ వేరు. అతి చిన్న జీవులతో మొదలైన పరిణామంలో, కోట్ల సంవత్సరాల తరవాత మనిషి రూపొందిన కథ అది. మాట పాతది, విషయం కొత్తది. తెలిసిన మాట కనబడితే పాఠకుడికి బెరుకు పోతుంది, పుస్తకం తెరుస్తాడు.

భాషాంశం

నర + అవతారం = నరావతారం (అ + అ = ఆ). ఇది సవర్ణదీర్ఘ సంధి.

మీరు ఏం నేర్చుకున్నారు?

పిల్లలకు కథ చెప్పడానికి, పెద్దలకు శాస్త్రం చెప్పడానికి కావలసిన నేర్పు ఒక్కటే: వినేవారికి తెలిసినచోట మొదలుపెట్టడం.

అభ్యాసం

1. ‘విశ్వరూపం’ ఏ శాస్త్రానికి సంబంధించినది?
2. ‘హిమాలయం’ పదాన్ని విడదీసి సంధి పేరు రాయండి.
3. మీ పనిలోని ఒక మెలకువను, ఆ పని తెలియనివారికి అర్థమయ్యేలా అయిదు వాక్యాలలో రాయండి. ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వారికి అర్థంకాని మాటను మార్చి రాయండి.

జవాబులు: 1. ఖగోళశాస్త్రం. 2. హిమ + ఆలయం, సవర్ణదీర్ఘ సంధి.