పాత కంప్యూటర్‌ను తుక్కుకు వేసే ముందు

మా బడి కంప్యూటర్ గదిలో ఉన్నవన్నీ దాతలు ఇచ్చినవే. అంతకుముందు ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి వచ్చినవి. "సార్, ఇది తెరుచుకునేలోపు సగం పీరియడ్ అయిపోతోంది" అని ఒక రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి చెప్పింది. తుక్కుకు వేద్దామని కొందరన్నారు. అంతకంటే ముందు దాని హార్డ్ డిస్క్‌ను ఒకసారి సర్ది చూద్దామన్నాను. ఆ సర్దుబాటుకే డీఫ్రాగ్మెంటేషన్ అని పేరు.

పిల్లలకు నేను చెప్పే పోలిక ఇది. ఒక నోట్‌బుక్‌లో అక్కడక్కడా పాత పేజీలు చెరిపేశాం. కొత్త పాఠం రాయడానికి వరుసగా ఖాళీ లేదు. అందుకని మొదటి భాగం 5వ పేజీలో, తర్వాతిది 19లో, మిగిలింది 42లో రాశాం. పాఠం పోలేదు, కానీ చదవాలంటే పేజీలు తిప్పుతూనే ఉండాలి. హార్డ్ డిస్క్‌లోనూ ఇంతే. ఫైళ్లు చెరిపి, కొత్తవి చేర్చే కొద్దీ ఒక్కో ఫైలు ముక్కలై వేర్వేరు చోట్ల పడుతుంది.

హార్డ్ డిస్క్ లోపల గుండ్రటి పళ్లెం నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంది. దానిపై ఒక చిన్న చేయి అటూ ఇటూ కదిలి సమాచారం చదువుతుంది. ఒక చోటి నుంచి మరో చోటికి చేరడానికి సుమారు 13 మిల్లీసెకన్లు అనుకుందాం. ఫైలు 300 ముక్కలై ఉంటే ఈ తిరుగుళ్లకే దాదాపు 4 సెకన్లు పోతాయి. తెరుచుకునేటప్పుడు కంప్యూటర్ ఇలాంటి ఫైళ్లు ఎన్నో చదవాలి. ఆలస్యం అక్కడే పోగవుతుంది.

విండోస్ 7లో ఈ సర్దుబాటు ప్రతి బుధవారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు దానంతటదే జరిగేలా ఏర్పాటు ఉంది. కానీ ఆ వేళకు బడిలో స్విచ్‌లు కట్టేసి ఉంటాయి. పగలు పిల్లలు వదలరు. కాబట్టి మనమే పూనుకోవాలి.

చేసే పద్ధతి:

1. ముఖ్యమైన ఫైళ్లను ముందుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

2. అక్కర్లేని ఫైళ్లు తీసేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయాలి. డిస్క్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉంటే పని సాఫీగా సాగుతుంది.

3. స్టార్ట్ మెనూలో డీఫ్రాగ్ అని వెతికి, డ్రైవ్‌ను ఎంచుకొని ముందు అనలైజ్ నొక్కాలి. ముక్కలైనవి 10 శాతం దాటితే సర్దుబాటు మొదలుపెట్టాలి.

4. గంటలు పట్టవచ్చు. యూపీఎస్ ఉన్న చోట, బడి వదిలాక మొదలుపెట్టడం మేలు.

రెండు జాగ్రత్తలు. మొదటిది, ఎస్‌ఎస్‌డి ఉన్న కంప్యూటర్‌కు ఇది చేయకూడదు. అందులో తిరిగే పళ్లెం లేదు, ఏ ముక్కనైనా దాదాపు ఒకే వేగంతో చదువుతుంది. పైగా రాసే కొద్దీ అది అరుగుతుంది. విండోస్ 10లో డ్రైవ్ పేరు పక్కనే అది ఏ రకమో కనిపిస్తుంది. రెండోది, డిస్క్ టక్‌టక్‌మని శబ్దం చేస్తుంటే జోలికి పోవద్దు. అలాంటి డిస్క్‌పై ఒకసారి నేను తొందరపడ్డాను. డిస్క్ మధ్యలోనే ఆగిపోయింది, ఒక తరగతి మార్కుల జాబితాలు మొత్తం పోయాయి. మళ్లీ పేపర్లు ముందేసుకుని వారం రోజులు రాశాను.

ఆ అమ్మాయి కంప్యూటర్ కొత్తదానిలా అయిందని చెప్పను. మెమరీ తక్కువైతే ఆ లోటును ఏ సర్దుబాటూ తీర్చదు. కానీ ఇప్పుడు అది హాజరు పిలిచేలోపు తెరుచుకుంటోంది. పిల్లలకు పాఠం దక్కుతోంది.

దాతలకు చివరిగా ఒక మనవి. కంప్యూటర్ ఇచ్చే ముందు డిస్క్‌ను సర్దితే సరిపోదు. చెరిపేసిన ఫైళ్లు చాలాసార్లు డిస్క్‌పై అలాగే ఉండిపోతాయి. మీ బ్యాంకు కాగితాలు, కుటుంబ ఫొటోలు కాపీ చేసుకొని, డిస్క్‌ను క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేయించి ఇవ్వండి. "నెమ్మదిగా ఉంది, ఎవరికి పనికొస్తుంది" అని మాత్రం అటక మీద పెట్టకండి. ఒక సాయంత్రం ఓపిక పడితే అది ఇంకో రెండు మూడేళ్లు పిల్లల చేతుల్లో పనిచేయవచ్చు.