విజిల్, స్టాప్‌వాచ్, ఐస్ టబ్

2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు దంచిన అంబటి రాయుడికి ఇంగ్లండ్‌తో వన్డే సిరీస్‌కు పిలుపొచ్చింది. బయల్దేరేముందు బెంగళూరులోని జాతీయ క్రికెట్ అకాడమీలో యోయో పరీక్ష పెట్టారు. అప్పటి అర్హత మార్కు 16.1. గుంటూరు ఆటగాడు అక్కడిదాకా రాలేకపోయాడు. ఆ చోటు సురేశ్ రైనాకు దక్కింది. తర్వాత అదే పరీక్ష గట్టెక్కి, రాయుడు ఆ ఏడాది సెప్టెంబరులో ఆసియా కప్ ఆడాడు.

ఇంతకీ ఏమిటా 16.1? ఇరవై మీటర్ల ఎడంలో రెండు కోన్లు పెడతారు. బీప్ మోగగానే పరుగెత్తి, అవతలి గీత తాకి, తిరిగి రావాలి. అంటే విడతకు 40 మీటర్లు. పది సెకన్లు ఊపిరి తీసుకోనిస్తారు, మళ్లీ బీప్. పోనుపోను బీపుల మధ్య వ్యవధి తగ్గిపోతుంటుంది. 16.1 చేరేసరికి ఆటగాడు మొత్తం 1,120 మీటర్లు పరుగెత్తి ఉంటాడు. ఈ దూరాన్ని 0.0084తో హెచ్చవేసి 36.4 కలిపితే దాదాపు 45.8 వస్తుంది. కిలో శరీర బరువుకు నిమిషానికి గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలడో చెప్పే అంచనా అది. ఈ రంగంలో దాన్ని వీఓటూ మ్యాక్స్ అంటారు. పరీక్షను రూపొందించిన జెన్స్ బాంగ్స్‌బో డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త, ఆయన దృష్టంతా ఫుట్‌బాల్ మీదే. గంటల తరబడి క్రీజులో నిలబడే బ్యాటరుకూ అదే గీత గీయడం సబబేనా అన్న వాదన అప్పుడూ నడిచింది. అందులో అభిమానులు, వ్యాఖ్యాతలు ఎంత గొంతు చించుకున్నా, లెక్కతో మాట్లాడగలిగేది ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివినవారే.

ఆటలకు సంబంధించిన చదువు అనగానే మన ఊళ్లలో విజిల్ వేసే పీఈటీ సార్ ఒక్కరే గుర్తొస్తారు. నిజానికి డిగ్రీ అయ్యాక ఈ రంగంలో మూడు వేరువేరు దారులున్నాయి. పిల్లలకు ఆట నేర్పేది వ్యాయామ విద్య. ఒంటి పనితీరును కొలిచి, సాధనను దిద్దేది ఎక్సర్‌సైజ్ సైన్స్. మైదానంలో దెబ్బ తగిలిన క్షణంలో ఆదుకునేది అథ్లెటిక్ ట్రైనింగ్. బ్రోషర్లలో మూడింటికీ ఒకే రకం బొమ్మలు వేస్తారు కాబట్టి తికమక సహజం. అయితే ఒక్కో పనికి అనుమతి ఇచ్చే సంస్థ వేరు. కోర్సు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ఆ అనుమతి లేకపోతే పట్టా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

మొదటి దారి మనవాళ్లకు బాగా తెలిసిందే. వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశానికి పెట్టే పీఈసెట్‌లో మిగతా సెట్‌ల మాదిరి కంప్యూటర్ ముందు కూర్చునే పని లేదు. పరుగు, షాట్‌పుట్, జంప్, ఆ పైన ఎంచుకున్న ఆటలో నైపుణ్యం, వీటికే మార్కులు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీపీఈడీ రెండేళ్ల కోర్సయింది, ఎంపీఈడీ మరో రెండేళ్లు. తెలంగాణలో ఎంపీఈడీ ప్రవేశాలు సీపీగెట్ ద్వారా జరుగుతాయి. ఉస్మానియా, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయాల్లో వ్యాయామ విద్యకు ప్రత్యేక కళాశాలలే ఉన్నాయి. ఇంకాస్త దూరం పోదలచినవారికి 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో నెలకొల్పిన వైఎంసీఏ కళాశాల, 1957లో మొదలైన గ్వాలియర్ లక్ష్మీబాయి సంస్థ పేరున్నవి.

ఉద్యోగాల సంగతి దాచాల్సిన పని లేదు. 2024 తెలంగాణ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే పీఈటీలకు కేటాయించినవి 182. స్కూల్ అసిస్టెంట్ పోస్టులు వేరే ఉన్నా, పోటీ మాత్రం గట్టిది. అందుకే చాలామంది ఎంపీఈడీ చేసి కళాశాల ఫిజికల్ డైరెక్టర్ పోస్టుపై కన్నేస్తారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం దానికి పీజీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ ఉండాలి. అంతటితో అయిపోలేదు. ముప్పై ఏళ్లలోపు పురుషులు 12 నిమిషాల్లో 1,800 మీటర్లు, మహిళలు 8 నిమిషాల్లో 1,000 మీటర్లు పరుగు లేదా నడకతో పూర్తిచేయాలి. వయసు పెరిగేకొద్దీ దూరం తగ్గిస్తారు. కాలేజీ కొలువుల్లో ఇంటర్వ్యూ గదికి బూట్లు చేతపట్టుకు వెళ్లాల్సిన అభ్యర్థి బహుశా ఈయనొక్కరే! దీంతోపాటు అంతర్ కళాశాల, అంతర్ విశ్వవిద్యాలయ స్థాయిలోనో, రాష్ట్ర, జాతీయ పోటీల్లోనో ఆడిన రుజువు అడుగుతారు. డిగ్రీలో ఆడిన ప్రతి టోర్నీ సర్టిఫికెట్‌నూ ట్రంకుపెట్టెలో భద్రపరచుకోవాల్సింది ఇందుకే. ఆ కాగితం తర్వాత సంపాదించడం కుదరదు.

పీఈటీ ఉద్యోగాన్ని చిన్నచూపు చూసేవారికి విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి ఉదాహరణ చాలు. పోర్ట్ హైస్కూల్‌లో ఆమె ఎత్తు, నడక చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందని గుర్తించింది వ్యాయామ ఉపాధ్యాయుడే. అదే జ్యోతి ప్రయాణం రెండో దారినీ చూపిస్తుంది. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరిట ఉన్న జాతీయ రికార్డు 13.38 సెకన్లు. 2020లో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో జ్యోతి 13.03లో ముగించింది. అయినా రికార్డు రాలేదు. డోప్ పరీక్ష జరగలేదు, సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది: వీపున తోసే గాలి వేగం సెకనుకు 2.0 మీటర్లు దాటకూడదు, మీటరు 2.1 చూపించింది. చివరకు ఆ ఏడాది మే నెలలో సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో రికార్డు ఖాయమైంది. అంతకుముందు రెండు పరుగుల కన్నా అది నెమ్మది!

ఈనాటి క్రీడ ఇంతగా కొలతల మీద నడుస్తోంది. హర్డిల్ దాటేటప్పుడు పాదం నేలను ఎంతసేపు తాకింది, రక్తంలో లాక్టేట్ ఎంత పెరిగింది, నిన్నటి సాధన అలసట ఇవాళ్టికి తీరిందా లేదా అని చూసేది ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, బయోమెకానిక్స్ చదివినవారు. లివర్‌పూల్‌లో 1975లోనే స్పోర్ట్స్ సైన్స్‌లో డిగ్రీ మొదలైంది. ఇంగ్లండ్‌లో నేడు లఫ్‌బరో విశ్వవిద్యాలయానిది పెద్ద పేరు. మన దేశంలో అమృత్‌సర్ గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయం, 2018 చట్టంతో ఏర్పడ్డ మణిపుర్ జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం, తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయం వంటివి పీజీ స్థాయిలో ఈ తరహా చదువులు చెబుతున్నాయి. బీఎస్సీ లైఫ్ సైన్సెస్ చదివినవారికి ఫిజియాలజీ నల్లేరుపై నడకే. బీటెక్ మెకానికల్ విద్యార్థికి బయోమెకానిక్స్ కొత్తగా అనిపించదు. బలాలు, కోణాలు, త్వరణం అన్నీ పాత చుట్టాలే. కాకపోతే ఒక మాట ముందే తెలుసుకోవాలి. భారత క్రీడా ప్రాధికార సంస్థ తీసుకునే స్పోర్ట్స్ సైన్స్ ఉద్యోగాల్లో చాలావరకు కాంట్రాక్టువే. ప్రైవేటు అకాడమీల్లో జీతం అకాడమీ పేరును బట్టి మారుతుంది. స్థిరమైన సర్కారీ కొలువే లక్ష్యమైన కుటుంబానికి ఇది అంతగా నప్పని దారి.

మూడోది, అథ్లెటిక్ ట్రైనింగ్, ప్రధానంగా అమెరికా వ్యవహారం. జిమ్ ట్రైనర్‌తో దీనికి సంబంధం లేదు. అక్కడ ఇది వైద్య అనుబంధ వృత్తి. 2001 జులై 31న మిన్నెసోటా వైకింగ్స్ శిక్షణ శిబిరంలో కోరీ స్ట్రింగర్ అనే 27 ఏళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు వడదెబ్బతో కూలిపోయాడు. మర్నాడే చనిపోయాడు. ఆయన పేరిట 2010లో కనెటికట్ విశ్వవిద్యాలయంలో ఒక సంస్థ వెలిసింది. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బ గురించి ఈ రంగంలో అందరూ పాటించే సూత్రం ఒక్కటే: ముందు చల్లబరచు, తర్వాత ఆస్పత్రికి పంపు. శరీర ఉష్ణోగ్రత 40.5 డిగ్రీల సెల్సియస్ దాటి, స్పృహ తప్పుతున్నవాడిని ఐస్ నీళ్ల టబ్‌లో మెడవరకూ ముంచి, అరగంటలోపు వేడి దించాలి. నుదుటి మీదో చంకలోనో పెట్టే థర్మామీటర్ ఇక్కడ మోసం చేస్తుంది, అందుకే మలద్వారం ద్వారానే చూస్తారు. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ నీళ్లు చల్లి విసురుతూ కూర్చోవడం మన మైదానాల్లో మామూలు దృశ్యం. ఏప్రిల్, మే ఎండల్లో ఎంపిక పోటీలు పెట్టే తెలుగు రాష్ట్రాల్లో ఈ పరిజ్ఞానం ఉన్నవారి అవసరం ఎంతో ఉంది, పోస్టు మాత్రం ఎక్కడా లేదు.

అమెరికాలో ఈ వృత్తికి కనీస చదువును మాస్టర్స్‌కు పెంచాలని 2015లో నిర్ణయించారు. ఆ మేరకు డిగ్రీ స్థాయి కొత్త ప్రవేశాలను తర్వాత ఆపేశారు. గుర్తింపు ఇచ్చేది కేట్ అనే మండలి. ఆ గుర్తింపున్న కోర్సు పూర్తిచేస్తేనే వృత్తి ధ్రువీకరణకు పెట్టే బీఓసీ పరీక్ష రాయనిస్తారు. కాలిఫోర్నియా మినహా అన్ని రాష్ట్రాల్లోనూ ఈ వృత్తిపై చట్టపరమైన నియంత్రణ ఉంది. హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీ చేసినవారు ఆ పట్టాతో నేరుగా బీఓసీకి కూర్చోవడం కుదరదు. అయితే ప్రవేశానికి అడిగే జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలు, మనస్తత్వ శాస్త్రం, అనాటమీ, ఫిజియాలజీల్లో చాలావరకు వారికి ముందే అయిపోయి ఉంటాయి. బీపీఈడీవారికి కెమిస్ట్రీ, ఫిజిక్స్ దగ్గర ఇబ్బంది వస్తుంది.

డబ్బు అప్పుచేసి వెళ్లేవారు మరొకటి చూడాలి. చదువయ్యాక అమెరికాలో పనిచేసేందుకు దొరికే ఓపీటీ 12 నెలలు. స్టెమ్ జాబితాలోని కోర్సయితే మరో 24 నెలలు పొడిగిస్తారు. అథ్లెటిక్ ట్రైనింగ్ ఆరోగ్య వృత్తుల కోడ్ కిందికి వస్తుంది, దానికి ఈ పొడిగింపు లేదు. జీవశాస్త్రాల కోడ్ కింద నమోదైన ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీకి ఉంది. ఒకే భవనంలో, పక్కపక్క గదుల్లో చెప్పే రెండు కోర్సుల మధ్య అంత తేడా! కోడ్ ఏమిటో వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 కాగితంపైనే ఉంటుంది. ఫీజు కట్టకముందే విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవచ్చు. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కనుక దరఖాస్తు నాటికి మరోసారి సరిచూసుకోవాలి.

తిరిగి వచ్చి ఇక్కడే పనిచేయాలనుకునేవారికి ఆ అమెరికా పట్టా ఫిజియోథెరపిస్టు హోదా ఇవ్వదు. మన జట్లలో దెబ్బలు చూసే బాధ్యత ఫిజియోలదే. 2021 నాటి చట్టంతో ఫిజియోథెరపీ జాతీయ కమిషన్ పరిధిలోకి వచ్చింది. కాబట్టి బీపీటీ, ఆపైన స్పోర్ట్స్ ఫిజియోథెరపీలో ఎంపీటీ చేయడమే ఇక్కడ నేరైన బాట. దానికి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి, లేదా ఒకేషనల్‌లో ఫిజియోథెరపీ చదివి బ్రిడ్జి కోర్సు పూర్తిచేసి ఉండాలి. బీపీఈడీకి అయితే ఏ డిగ్రీ అయినా ఫరవాలేదు, కాళ్లలో సత్తువ ఉండాలి.